తాతయ్య స్లాటు

తిరుమల దర్శనానికి స్లాటు ఉంటుందని తెలుసు. పాస్‌పోర్టుకి, ఆధార్ సవరణకి స్లాటు ఉంటుందని కూడా తెలుసు. తాతయ్యకి స్లాటు ఉంటుందని మాత్రం మొన్న జూన్‌లో మా అల్లుడుగారు పంపిన ఎక్సెల్ షీటు చూశాకే తెలిసింది. నా అజ్ఞానాన్ని మన్నించాలి.

షీటు పేరు ‘గ్రాండ్‌పేరెంట్ వన్ ఆన్ వన్ డేస్’. ఆకుపచ్చ గళ్ళు నావి, గులాబీ గళ్ళు మా ఆవిడవి. పసుపు గళ్ళు ‘బఫర్’ అట, అంటే వాన పడినా పిల్లలకి విరేచనాలు పట్టుకున్నా సర్దుకోడానికి. ఒక్కో మనవడికీ మనవరాలికీ మాతో విడివిడిగా ఒక్కో రోజు. ఆ రోజు మిగతా పిల్లలు దరిదాపులకి రాకూడదు. గడి పక్కన ‘యాక్టివిటీ’, దాని పక్కన ‘లెర్నింగ్’, ఆ పక్కన ‘ఫోటోస్’. చివరి కాలమ్ ‘హైలైట్స్’, అది ఏ రోజుది ఆ రాత్రే నింపాలి. నేను ఇరిగేషన్ శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. బ్యారేజీ గేట్ల మరమ్మతుకి కూడా ఇంత పకడ్బందీ రిపోర్టు రాసిన పాపాన పోలేదు.

అల్లుడుగారు చాలా మంచివారు. (ఇది మా అమ్మాయి చదువుతుంది.) డాలస్‌లో ఉంటారు. పిల్లల పెంపకం గురించిన పాడ్‌కాస్ట్‌లో విన్నారట, అమ్మమ్మ తాతయ్యలతో ఒక్కో పిల్లకీ విడిగా క్వాలిటీ టైమ్ దొరికితే వాళ్ళలో ‘ఎమోషనల్’ ఏదో పెరుగుతుందని. ఏం పెరుగుతుందో రెండుసార్లు చెప్పారు. నాకు ఎక్కలేదు. అల్లుణ్ణి మూడోసారి అడగడం మన ఇళ్ళల్లో ఉండదు కదా, తలాడించాను.

అయినా వాళ్ళ దేశంలో తాతలకి ఏడాదికో రోజు ఎప్పటినుంచో ఉంది. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టి, సెప్టెంబరులో లేబర్ డే తర్వాత వచ్చే ఆదివారాన్ని తాతలకీ అమ్మమ్మలకీ రాసిచ్చేశారు. ముందు కూలీల రోజు, వెంటనే ముసలివాళ్ళ రోజు. ఆ వరుస పెట్టినవాడెవడో మా ఇంటి సంగతి ముందే తెలిసినవాడై ఉంటాడు.

ఇక రోజుల లెక్క చూద్దాం. అల్లుడుగారి సెలవు ఇరవై రెండు రోజులు. అందులో జెట్‌లాగ్ నాలుగు. గుంటూరులో వియ్యంకుల వారింట ఆరు. తిరుపతి రెండు. హైదరాబాదులో బట్టలకీ పళ్ళ డాక్టరుకీ మూడు. రానూపోనూ ప్రయాణాలకి రెండు. మాకు మిగిలింది ఐదు. టెక్సస్ బళ్ళకి మే చివర్లో సెలవులిస్తారు, కానీ అల్లుడుగారికి సెలవు దొరికేసరికి జూన్ సగం అయిపోయింది. అప్పటికి మన దగ్గర బళ్ళు తెరిచేశారు. కాబట్టి హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి పిల్లలిద్దరూ శని, ఆదివారాలకే దొరుకుతారు. బంగినపల్లి అసలు దొరకదు, ఎప్పుడో వెళ్ళిపోయింది.

నలుగురు పిల్లలు, ఇద్దరు ముసలివాళ్ళు, మొత్తం ఎనిమిది స్లాట్లు. ఐదు రోజుల్లో ఎనిమిది ఎలా పడతాయని మీరూ నేనూ నోరు తెరుస్తాం. అల్లుడుగారు సాఫ్ట్‌వేరు కాబట్టి పట్టించేశారు. ఒక పిల్ల నాతో ఊరు చూస్తుంటే అదే సమయానికి ఇంకో పిల్ల మా ఆవిడతో వంటింట్లో ఉంటుంది. ‘పేరలల్’ అన్నారు.

మా తాతకి నాతో వన్ ఆన్ వన్ ఆయన జీవితం మొత్తంలో ఒక్కసారే జరిగింది. చెరుకు దొంగతనం కేసులో. వేసవి వస్తే పదకొండు మందిమి ఆ ఇంటి మీద పడేవాళ్ళం. ఆయన అందరినీ ‘ఒరేయ్’ అనే పిలిచేవాడు, ఆడపిల్లల్ని కూడా. మామ్మ బేసిన్‌లో ఆవకాయ అన్నం కలిపి చుట్టూ కూర్చోబెట్టి చేతుల్లో ముద్దలు పెట్టేది. ఆ రోజులే గొప్పవని నేననను, ఎనిమిదో నంబరు పిల్లాడికి నెయ్యి తగిలేది కాదు, ఆ ఎనిమిదో నంబరు నేనే.

నా మొదటి ఆకుపచ్చ గడి మంగళవారం పడింది. పెద్ద మనవరాలితో. దానికి తొమ్మిదేళ్ళు. యాక్టివిటీ: ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు చేయడం చూడడం. లెర్నింగ్: జీఐ ట్యాగ్, మహిళా ఉపాధి. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనన్న సర్కారు ముద్ర, వచ్చిన మాట నిజమే. తొమ్మిదేళ్ళ పిల్ల రాత్రిళ్ళు నిద్రపట్టక దొర్లుతున్నది దాని గురించే అని నాకు తెలియదు.

వన్ ఆన్ వన్ అంటే ఒకరికి ఒకరు. రాజమండ్రిలో ఆ ఉదయం పది గంటలకి కారు ఎక్కినవాళ్ళ వివరాలు సమర్పిస్తున్నాను. డ్రైవరు. నేను. మనవరాలు. ముందు సీట్లో అల్లుడుగారు, ఫోటోల నిమిత్తం. మా అమ్మాయి, నీళ్ళ సీసాలు, శానిటైజరు, దోమల క్రీము ఉన్న సంచీతో. ఆ వేళ చిన్నవాడికి అమ్మమ్మతో వంటింట్లో స్లాటు. వాడు గేటు పట్టుకుని ఊరంతా వినపడేలా ఏడ్చాడు, ఎక్కించక తప్పలేదు. వాడొస్తే వాడి స్లాటు కూడా రావాలి కాబట్టి పులిహోర డబ్బాతో మా ఆవిడ ఎక్కింది. వెరసి ఒకరికి ఒకరు ఏడుగురం. సీట్లు చాలక నేను వెనక్కి వెళ్ళాను. నా స్పెషల్ డే నాడు నా స్థానం స్టెప్నీ పక్కన.

ధవళేశ్వరం బ్యారేజీ మీద కారు ఆపించారు. అల్లుడుగారికి ‘క్యాండిడ్’ కావాలి. క్యాండిడ్ అంటే ఫోటో తీస్తున్నారని తెలియనట్టు నటించడం. “మామయ్యగారూ, గోదావరి వైపు వేలు చూపించి పాపకి ఏదో చెబుతున్నట్టు నవ్వండి. నన్ను చూడకండి.” సరే, చెబుతున్నట్టు నటించడం ఎందుకు, నిజంగానే చెబుదామని మొదలెట్టాను. కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలెట్టి 1852కి పూర్తి చేయడం, అంతకుముందు ఈ జిల్లాలో కరువులు, ఇప్పుడున్న బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో రావడం, అందులో నా సర్వీసు. ఐదు నిమిషాలు మాట్లాడి ఉంటాను. మనవరాలికి తెలుగు సగమే అర్థమవుతుంది. వాళ్ళమ్మ వైపు చూసింది. మా అమ్మాయి అనువదించింది: “ఓల్డ్ బ్రిడ్జ్.”

అమ్మడి చేతిలో కార్డుల పెట్టె ఉంది. తాతయ్యని అడగవలసిన ప్రశ్నలు, అమెరికాలో కొన్నది, ఇరవై డాలర్లట. ఒక కార్డు తీసి చదివింది. నా వయసులో ఉన్నప్పుడు నీ పెద్ద కల ఏమిటి అని. నిజాయితీగా చెప్పాను. అన్నయ్య రాసేసిన నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలు కుట్టుకుని రాసుకునేవాణ్ణి, ఒక్కసారి మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నాదే అయిన పుస్తకం కావాలని ఉండేది అన్నాను. చెబుతుంటే నాకే కొంచెం గొంతు పట్టింది. మా అమ్మాయి అంది: “హీ వాజ్ పూర్.”

ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు మీద పూతరేకులు వేస్తున్న ఆవిడ దగ్గర కూర్చున్నాం. బోర్లించిన కుండ, కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద అలా పరిచి లాగేస్తే చాలు, కన్ను మూసి తెరిచేలోగా తెల్లటి రేకు లేస్తుంది. ఆ వేగానికి క్యాండిడ్ అందదు. అల్లుడుగారు “ఇంకోసారి” అన్నారు. నా వేలు ఫ్రేములోకి రాలేదని ఇంకోసారి. చిన్నవాడు అడ్డం పరిగెత్తాడని ఇంకోసారి. మా ఆవిడ పులిహోర డబ్బా కనపడుతోందని ఇంకోసారి. పదకొండు రేకులయ్యాయి. ఆ మహాతల్లి నుదుటి చెమట తుడుచుకుని నన్నడిగింది: “ఆయ్, రేకు నేనేత్తంటే తవరు ఏలెందుకు సూపిత్తన్నారండీ?”

ముప్ఫై నాలుగేళ్ళ ప్రభుత్వ సర్వీసులో ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

సమాధానం వెతుక్కుంటుండగానే మనవరాలు ఇంకో కార్డు తీసింది. నీకు దేనివల్ల భద్రంగా అనిపిస్తుంది తాతయ్యా అని. “పెన్షను” అన్నాను. మా అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. “ఫ్యామిలీ” అని అనువదించింది.

తిరుగుదారిలో బొబ్బర్లంక దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక ఆవు పడుకుని ఉంది. డ్రైవరు హారను కొట్టాడు. అది లేవలేదు. పది నిమిషాలు. అల్లుడుగారు విసుగొచ్చి ఫోను జేబులో పెట్టేసుకున్నారు. ఆ రాత్రి హైలైట్స్ కాలమ్‌లో పిల్ల తన చేత్తో ఇంగ్లీషులో రాసింది, రోడ్డు మీద కూర్చున్న ఆవు అని. ఆవుకి స్లాటు లేదు. ముందుగా బుక్ చేసుకోలేదు కూడా.

శనివారం హైదరాబాదు బ్యాచి దిగింది. అబ్బాయి కొడుకు ఎనిమిదేళ్ళ వాడు, వ్యవహారజ్ఞుడు. దిగిన గంటలో నా దగ్గరికొచ్చి, “తాతయ్యా, నా స్లాటు చెల్లికి అమ్మేశాను” అన్నాడు. ఎంతకిరా అంటే నలభై నిమిషాలు ట్యాబ్‌కి అన్నాడు. మార్కెట్లో నా రేటు మొదటిసారి తెలిసింది. సాయంత్రానికి ఆ చెల్లెలు తన నలభై నిమిషాలు వెనక్కి ఇప్పించమని ఏడ్చింది.

ఇంక గులాబీ గళ్ళు. వాటిని అందరూ చూసీచూడనట్టు వదిలేశారు కాబట్టి నేను చదువుతాను. నాలుగు గళ్ళలోనూ ఒకటే మాట: ‘అమ్మమ్మతో వంట’. నాకేమో ఆత్రేయపురం, పుష్కరాల రేవు, కడియం నర్సరీలు. ఆవిడకి వంటిల్లు. ఆవిడ స్పెషల్ డేకి, మామూలు రోజుకి తేడా ఏమిటయ్యా అంటే స్పెషల్ డే నాడు కాళ్ళకి అడ్డంగా ఒక పిల్ల ఉంటుంది.

ఈ పెద్ద మనవరాలు పుట్టినప్పుడు అమెరికా కాన్సులేటు ఇంకా బేగంపేటలోనే ఉండేది. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు మొక్కుకున్నాం. వీసా వచ్చాక నూట ఎనిమిదీ నేనే తిరిగాను, ఆవిడ మోకాళ్ళు తిరగనివ్వలేదు. అంతకుముందు వారం రోజులు ఫోనులో ఆవిడకి రిహార్సల్స్. “పిల్లని చూసుకోడానికి వస్తున్నానని మాత్రం అనకమ్మా. చూడ్డానికి వస్తున్నానను. ఏం చూస్తారంటే నయాగరా అను.” ఆవిడ విష్ణు సహస్రనామంలా నేర్చుకుంది. నయాగరా, నయాగరా. నా ఒంట్లో బాగాలేక ఆవిడ ఒక్కర్తే విమానం ఎక్కింది. అక్కడ ఆఫీసరు ఆరు నెలలు రాసిచ్చాడు.

ఆ దేశంలో పురుడు పోసుకున్నదానికి చట్టం పన్నెండు వారాల సెలవిస్తుంది, జీతం లేకుండా. అది కూడా పూర్తిగా వాడుకోకుండా మా అమ్మాయి ఆఫీసుకెళ్ళింది. పొద్దున్న ఎనిమిదికి ఇద్దరూ వెళితే సాయంత్రం ఆరున్నరకి రావడం. మా ఆవిడకి కారు నడపడం రాదు. మాట్లాడ్డానికి పక్కింట్లో ఎవరున్నారో తెలియదు. ఆవిడా, పసిగుడ్డూ. ఆరు నెలల్లో మా ఆవిడ చూసిన నయాగరా వంటింటి సింకులో ఉంది, పాలసీసాల మీద పడేది. గడువయ్యాక గుంటూరు వియ్యపురాలు దిగింది, ఇంకో ఆరు నెలల నయాగరాకి. డాలస్ ఎయిర్‌పోర్టులో ఒకావిడ ఒకావిడకి పిల్లని అందించింది, వేణ్ణీళ్ళ కుళాయి ఎటు తిప్పాలో చెప్పింది, విమానం ఎక్కేసింది.

మరి అది వన్ ఆన్ వన్ కాదా? అప్పుడు ఏ పాడ్‌కాస్టూ దానికి పేరు పెట్టలేదేం? ఏ గడికీ గులాబీ రంగు వెయ్యలేదేం? హైలైట్స్ రాయమని ఎవడైనా ఆవిణ్ణి అడిగాడా? ఫోటో ఒక్కటంటే ఒక్కటి ఉంది. పిల్ల బోసినవ్వు నవ్వుతోంది, దాని నడుం చుట్టూ గాజుల చెయ్యి. మనిషి లేదు. పిల్ల బాగా పడిందని మిగతాది కత్తిరించేశారు. ఆ చెయ్యి ఎవరిదని ఆ ఫ్రేము చూసిన ఏ చుట్టమైనా అడిగాడా? పనికి పిలిచినన్నాళ్ళు పేరు లేదు, అవసరం తీరాక స్పెషల్ డే! సిగ్గుండాలి.

బీపీ మాత్ర వేసుకుని వచ్చాను. ఎక్కడున్నాం? ఆదివారం.

ఆదివారం గులాబీ గడి పెద్ద మనవరాలిది. యాక్టివిటీ: కొబ్బరి లడ్డూ. ఉదయం పది గంటలకి అల్లుడుగారు ఫోనుకి ఛార్జింగు నింపుకుని వంటింట్లోకి వెళ్ళారు. పొయ్యి వెలగలేదు. కొబ్బరికాయ కొట్టి కూడా లేదు. ఆవిడ లేదు, పిల్లా లేదు. ఆవిడ ఫోను ఫ్రిజ్ మీద మోగుతోంది. మా అమ్మాయి వీధంతా వెతికింది. పక్కింటివాళ్ళు ఆటో ఎక్కడం చూశామన్నారు. ఎటు వెళ్ళిందో తెలియదు. అల్లుడుగారు షీటు తెరిచి బఫర్ వైపు చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం ఐదుంబావుకి ఇద్దరూ దిగారు. పిల్ల జడలో మూర మల్లెపూలు. నాలిక ఎర్రగా ఉంది, పుల్లైసు రంగు. అల్లుడుగారు నాలిక ఎర్రబడితే ఏమవుతుందో ఫోనులో వెతుకుతూ “ఎక్కడికెళ్ళారమ్మా?” అని కూతుర్నడిగారు. అది అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ దాని వైపు చూసింది. “బయటికి” అంది పిల్ల, తెలుగులో.

షీటులో ఆ ఒక్క వరసలో ఫోటోస్ ఖాళీ, లెర్నింగ్ ఖాళీ, హైలైట్స్ ఖాళీ. అల్లుడుగారికి అలాంటివి చూస్తే నిద్ర పట్టదు. నాకూ పట్టక, రాత్రి మెల్లిగా అడిగాను, ఎక్కడికి తీసుకెళ్ళావేమిటి దాన్ని అని.

“మీకెందుకు?” అని అటు తిరిగి పడుకుంది.