షుగర్ ఉన్న మనిషి చిక్కిపోతుంటే మెచ్చుకోకండి

నెల్లూరు, ఒంగోలు వైపు ఏ పెళ్లికెళ్లినా ఈ మాట వినపడుతుంది: "షుగర్ వచ్చినాక అన్నం మానేశాడు, ఎట్ట సన్నబడ్డాడో చూడు." మెచ్చుకోలుగానే అంటారు. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ, ఎంతుందని మాత్రం ఎవరూ అడగరు. అది 9, 10 దాటి ఉండి మనిషి చిక్కిపోతున్నాడంటే భయపడాలి, ఎందుకంటే పొట్టతో పాటు తొడల్లో, భుజాల్లో ఉన్న కండ కూడా కరిగిపోతోంది.

ఇన్సులిన్ అంటే రక్తంలో చక్కెర దించేదనే అనుకుంటాం గానీ, కండలోని ప్రొటీన్ కరిగిపోకుండా కాపాడేది కూడా అదే. షుగర్ బాగా అదుపు తప్పినప్పుడు ఆ కాపలా ఉండదు. కండ అమైనో ఆమ్లాలుగా విడిపోయి రక్తంలోకి వస్తే, లివర్ వాటితో మళ్లీ గ్లూకోజ్ తయారు చేస్తుంది. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పరగడుపు షుగర్ ఎక్కువ రావడంలో సొంత కండ వాటా కూడా ఉంటుందన్నమాట. పైగా భోజనం తర్వాత గ్లూకోజ్‌ను వాడుకునే పెద్ద చోటు కండే కాబట్టి, అది తగ్గితే షుగర్ ఇంకా పెరుగుతుంది.

అన్నం తగ్గించడం మంచిదే. ఆ ఖాళీలో ఏం తినాలో చెప్పేవాళ్లే తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కన ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చేపల పులుసుకు పేరుపడ్డ జిల్లాలో ఉండి, షుగర్ అని చేప కూడా మానేసి రాగి జావతో సరిపెట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చేప తినండి, శాకాహారులైతే పప్పు, పెసలు, పెరుగు పెంచండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

అయితే షుగర్ అదుపులోకి రాకుండా తిండి ఒక్కటే ఈ నష్టాన్ని ఆపలేదు. ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం పొడుచుకోవాలన్న టెన్షన్‌తో డాక్టర్ చెప్పినా నెలలకు నెలలు వాయిదా వేస్తారు. ఆ నెలల్లో పోయిన కండ, అరవై దాటినవాళ్లకైతే, తిరిగి రావడం చాలా కష్టం.

నడక మంచిదే, కానీ కండ నిలవాలంటే బరువులతో వ్యాయామం కూడా ఉండాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, లేదా అంతకంటే ఎక్కువ పడితే కండ తగ్గిందని అనుమానించాలని 2019లో ఆసియా నిపుణుల బృందం సూచించింది. దీనికి మిషన్ అక్కర్లేదు, ఖర్చు లేదు. బీపీ చూసినట్టే షుగర్ పేషెంట్లందరికీ ప్రతి చెకప్‌లో ఇది చేయించి, ఆ సెకన్లు చీటీ మీద రాయాలి.