‘సర్వహక్కులు’ అన్న ఆ ఒక్క ముక్క

ఉద్దానం నుంచి గల్ఫ్‌కో చెన్నైకో పనికి వెళ్లేవాళ్లు జీడితోట చూసుకోమని తమ్ముడికో బావమరిదికో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తమ తరఫున అన్ని పనులూ చేసే అధికార పత్రం) రాసిచ్చి వెళ్తుంటారు. వాళ్లకు కావలసినవి చిన్న పనులే. కౌలు వసూలు చేయాలి, రీసర్వే రోజున హద్దుల దగ్గర ఒకరు నిలబడాలి, పాసుపుస్తకంలో తప్పు పడితే తహసీల్దారుకు అర్జీ పెట్టాలి. దస్తావేజులో పడేది మాత్రం పాత నమూనా: ‘అమ్ముటకు, తనఖా పెట్టుటకు, సొమ్ము పుచ్చుకొని రసీదు ఇచ్చుటకు సర్వహక్కులు’. చదవకుండానే సంతకం పెట్టేసి రైలెక్కుతారు. అన్నదమ్ముల మధ్య కోర్టు కేసులకు బీజం పడేది ఇక్కడే.

అమ్మే ఉద్దేశం లేనప్పుడు స్పెషల్ పవర్, అంటే ఫలానా పనికి మాత్రమే ఇచ్చే అధికార పత్రం, చాలు. అందులో సర్వే నంబరు, సెంట్లతో సహా విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఏ పనికి, ఏ తేదీ వరకు అన్నవి రాయించాలి. ‘అమ్మే, తనఖా పెట్టే అధికారం లేదు’ అని విడిగా ఒక వాక్యం ఉండి తీరాలి. కౌలు డబ్బుకు లెక్క అడగడం తమ్ముణ్ని అవమానించడం కాదు. అడిగితే లెక్క చూపాలని 1872 కాంట్రాక్టు చట్టం 213వ సెక్షనే చెబుతోంది.

చెన్నైలో ఉన్నవాళ్లు ఇందుకోసం సోంపేట రానక్కర్లేదు. తామున్న చోటి సబ్‌రిజిస్ట్రార్ ఎదుటే పవర్ రాసివ్వవచ్చు. రిజిస్ట్రేషన్ పనికైతే మన దేశంలోని నోటరీ ముద్ర ఒక్కటే నమ్ముకోకూడదు. విదేశంలో ఉంటే భారత కాన్సులేట్‌లో సంతకం చేసి ధ్రువీకరణ చేయించుకోవాలి. ఆ కాగితం మన దేశానికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. చాలామంది బీరువాలో పెట్టి మరిచిపోయేది ఈ గడువునే. వచ్చిన కొరియర్ కవరు పారేయకండి, ఏ రోజు చేరిందో చూపడానికి పనికొస్తుంది.

కొనేవాళ్లకూ ఒక మాట. జీపీఏ చేతికొచ్చినంత మాత్రాన భూమి మీద యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. సేల్‌డీడ్ రిజిస్టరు కావాల్సిందే. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ పవర్ కూడా పోతుంది. అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందు అసలు యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడాలి.

రద్దు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఫోన్‌లో ‘ఇక వద్దురా’ అంటే సరిపోదు. రద్దు సంగతి తెలియని మూడో మనిషి విషయంలో పాత పవర్ చెల్లుతూనే ఉంటుంది. రద్దు దస్తావేజు రిజిస్టరు చేయించి, ఏజెంటుకు, అంటే పవర్ పుచ్చుకున్న మనిషికి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో నోటీసు పంపాలి. కౌలుదారుకు, బ్యాంకుకు, తహసీల్దారు ఆఫీసుకు కాపీలు ఇవ్వాలి. పత్రికలో ప్రకటన వేయించాలి. అసలు కాగితం వెనక్కి తీసుకోవాలి.