ఫారం 12-ఏ గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ యుటిలైజేషన్ సర్టిఫికెట్ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. గ్రాంటు డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే పత్రం మీరే కదా, మీరు క్షేమంగా ఢిల్లీ చేరితేనే మాకు రెండో ఏడాది గ్రాంటు వస్తుంది కాబట్టి బెంగంతా మీ గురించే.

జీఎఫ్‌ఆర్ 2017 అనే కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల పుస్తకంలో మీ పేరు ఎంత పెద్దదైనా, అకౌంట్స్ సెక్షన్‌లో అందరికీ మీరు యూసీయే. మీరు ముఖ్యంగా అడిగేది ఒక్కటే, ఇచ్చిన డబ్బు ఖర్చయిందా లేదా. మందు వల్ల ఎవరికైనా ఏమైనా అయిందా అని రాయడానికి మీలో గడే లేదు.

మాది కొత్త మందు, మొదటిసారి మనుషులకి ఇచ్చి చూస్తున్నాం. ఒకరికి డోసు ఇస్తాం, పక్కనే కూర్చుంటాం, బీపీ చూస్తాం, రక్తం తీస్తాం, మళ్ళీ తీస్తాం, అంతా సవ్యంగా ఉందనుకుంటే అప్పుడు రెండో మనిషిని పిలుస్తాం. ఇది బద్ధకం కాదండీ. 2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో టీజీఎన్1412 అనే మందుని ఆరుగురు ఆరోగ్యవంతులకి ఒకరి తర్వాత ఒకరికి నిమిషాల తేడాతో ఎక్కించేశారు, ఆరుగురూ ఐసీయూలో పడ్డారు. ముందు ఒక్కరికిచ్చి ఆగి చూడాలన్న పట్టింపు ఆ తర్వాతే గట్టిపడింది. మీకేమో మార్చి అంటే 31 ఒక్కటే.

ఫిబ్రవరిలోనే మీవాళ్ళ ఫోను. "ఏంటి డాక్టర్ గారూ, ఖర్చు ఇంత తక్కువ చూపించారు?" మూడో మనిషికి లివర్ ఎంజైములు పెరిగాయి సార్, ఆపాం. "ఆపితే ఎలాగండీ, మిగిలింది వెనక్కి కట్టాలి, వడ్డీతో సహా!" ఆ వడ్డీ నేరుగా భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకి, వెళ్తుందట. మా బ్యాంకు ఇచ్చే వడ్డీతో దేశం బాగుపడతానంటే కాదనేవాళ్ళం కాదు.

ఇక ఆటో సంగతి. ట్రయల్‌కి వచ్చేవాళ్ళకి దారి ఖర్చులు మేమే ఇస్తాం. ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చిన పెద్దాయన టికెట్ ఏదని ఆడిటర్ గారి ప్రశ్న. షేర్ ఆటోకి టికెట్టా! చివరికి మా కోఆర్డినేటరమ్మ తెల్లకాగితం మీద రాసి ఆయన చేత వేలిముద్ర వేయించింది. ఒంట్లోకి కొత్త మందు ఎక్కించుకోవడానికి సాక్షి ముందు, ప్రతి మాటా చదివించుకుని విని, ఒప్పుకుని ఆయన వేసిందీ ఆ వేలిముద్రే. దానికి గంట పడితే, 30 రూపాయల వోచరు తేలడానికి దసరా వచ్చింది. మీరు కదలక ఆ అమ్మాయి ఏప్రిల్ జీతమూ దసరాకే వచ్చింది, ఈలోగా తను ఇంకో ఉద్యోగం చూసుకుంది (మంచి పని చేసింది). ఫ్రిజ్‌లో మందుకి మాత్రం ఎక్స్‌పైరీ డేటు ఆగలేదు.

ఒక్క మనవి. ఎంత ఖర్చయింది అన్న గడి పక్కన "ఎందుకు ఆగారు" అని ఇంకోటి పెట్టించండి. చిన్నదైనా చాలు, మేం ఇరికించి రాసుకుంటాం.

సంతకాలన్నీ చేయించి ఈ ఏడాది ప్రతి పంపుతున్నాను. సీలు కాస్త వంకరగా పడింది, దయచేసి తిప్పి పంపకండి, అకౌంట్స్ ఆఫీసరు గారు లీవులో ఉన్నారు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటరు (ట్రయల్ నడిపే డాక్టరు)