వేగం సరే, వేలికి జవాబేది?

మొన్నో రాత్రి ఏదో రాసుకుంటుంటే 'కమలం' కాస్తా 'క్మలం' అయి కూర్చుంది. దిద్దాను. నాలుగు లైన్లు పోయాక మళ్లీ అలాంటిదే ఇంకోటి. నేను తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో కొడతాను. అందులో పొల్లు ఇంగ్లిష్ 'డి' మీట మీద ఉంటుంది, ఎడమచేతి మధ్యవేలు పనిలేనప్పుడు ఆనుకునేది కూడా సరిగ్గా ఆ మీట మీదే. మీట దిగిందా లేదా అన్నది కాంతితో కనిపెట్టే ఆప్టికల్ కీబోర్డు కొత్తగా కొన్నాను. అందులో మీట ఒక్క మిల్లీమీటరు దిగితే చాలు, అక్షరం పడిపోతుంది. తర్వాతి మాట కోసం ఆలోచిస్తూ వేలు కాస్త బరువుగా ఆనించానంటే పొల్లు పడ్డట్టే. ఇంగ్లిష్‌లో అయితే ఓ అక్షరం ఎక్కువ పడుతుంది, అంతే. తెలుగులో పొల్లు పడితే వెనకొచ్చే హల్లు వెళ్లి ముందుదాని కింద వత్తుగా చేరుతుంది, మాటే మారిపోతుంది.

దాన్ని పక్కన పెట్టి అల్మరాలోంచి పాత ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు దించాను. రెండు కిలోల పైనే బరువు. దాన్ని ఇప్పటి కంప్యూటరుకు తగిలించడానికి కన్వర్టరు కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఓ సాయంత్రమంతా తిరిగాను, ఎందుకంటే ఈ పాతవి వాడుకునే కరెంటు మామూలు చిన్న అడాప్టర్లకు ఒక్కోసారి చాలదు. వారం రోజులు దాని మీదే పని చేశాను. అనుకోని పొల్లు ఒక్కటి కూడా పడలేదు.

కీబోర్డుల మీద పిచ్చి ఉన్నవాళ్లు ఇలాంటి పాత స్విచ్‌ల గురించి, కొత్త ఆప్టికల్ స్విచ్‌ల గురించి ఏళ్లుగా వాదించుకుంటున్నారు. స్విచ్ అంటే మీట కింద ఉండి నొక్కును పట్టుకునేది. ఏది ఎన్ని మిల్లీసెకన్లు ముందు, ఏది ఎన్ని కోట్ల నొక్కుళ్లు తట్టుకుంటుంది అనే దగ్గరే వాదన ఎప్పుడూ ఆగిపోతుంది. నా దృష్టిలో రాసేవాడు అడగాల్సింది అది కాదు, అక్షరం పడిన క్షణం వేలికి తెలుస్తోందా లేదా అన్నది.

మోడల్ ఎం మీట కింద ఒక సన్నటి స్ప్రింగు నిలబడి ఉంటుంది. నొక్కుతుంటే అది ముడుచుకుంటూ, బరువు పెరుగుతూ పోయి ఒక దగ్గర తట్టుకోలేక పక్కకి వంగిపోతుంది. అలా వంగేటప్పుడు అడుగునున్న చిన్న ప్లాస్టిక్ ముక్కను తిప్పుతుంది, అది వెళ్లి కింద పరిచిన పల్చటి ప్లాస్టిక్ పొరను, అంటే మెంబ్రేన్‌ను, కొడుతుంది, అక్షరం పడుతుంది. వేలికి తగిలే ఆ విరుపు, చెవికి వినిపించే ఆ టక్కు, కంప్యూటరుకు వెళ్లే సంకేతం, మూడూ ఆ స్ప్రింగు వంగడంలోనే పుడతాయి. ఐబీఎంలో పనిచేసిన రిచర్డ్ హంటర్ హారిస్ దీనికి 1978లో పేటెంట్ పొందారు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మోడల్ ఎఫ్‌లో ఇదే స్ప్రింగు, 1985 నుంచి మోడల్ ఎంలోనూ ఇదే. సెలెక్ట్రిక్ టైప్‌రైటర్లు చేసిన కంపెనీ కదా, వేలికి జవాబు రాకపోతే టైపిస్టు ఒప్పుకోడని వాళ్లకు తెలుసు. మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రెమింగ్టన్ మీద కూర్చున్నవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. అక్షరం కాగితం మీద కొట్టుకున్న దెబ్బ మణికట్టు దాకా తెలిసేది.

ఆప్టికల్ స్విచ్ సంగతి వేరు. ఒక పక్క చిన్న ఎల్ఈడీ, ఎదురుగా కాంతిని పట్టే సెన్సరు, మధ్యలో మీట కాడ. కాడ దిగుతూ కాంతికి అడ్డం పడినా, కొన్ని డిజైన్లలో అడ్డం తొలగినా, అక్షరం పడుతుంది. అక్కడ ఏదీ దేన్నీ తాకదు కాబట్టి వేలికి ఏమీ తెలియదు. క్లిక్ కావాలన్నవాళ్ల కోసం కాడ పక్కన వేరే ముక్క పెడతారు, అది దాని పని అది చేసుకుంటుంది, కాంతి దాని పని అది చేసుకుంటుంది. రెండూ దగ్గర దగ్గరగా జరిగేలా కొలతలు సరిచూస్తారు, నిజమే, కానీ ఒకటి జరిగింది కాబట్టి రెండోది జరగడం అంటూ లేదు. 

ఇక వేగం. మామూలు మెకానికల్ స్విచ్‌లో రెండు లోహపు రేకులు కలిస్తే అక్షరం పడుతుంది. అవి కలిసేటప్పుడు ఒక్కసారిగా కుదురుకోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. ఒక నొక్కు రెండు అక్షరాలు కాకుండా కీబోర్డు కాసేపు ఆగి చూస్తుంది. జర్మనీ కంపెనీ చెర్రీ స్విచ్‌లకు చాలాకాలం ఆ లెక్క 5 మిల్లీసెకన్ల లోపు అని చెప్పేవారు. కాంతికి ఈ బెడద లేదు, అందుకే ప్రకటనల్లో ఇది అంత పెద్దదిగా కనిపిస్తుంది. టైపు ఇన్‌స్టిట్యూట్ లెక్కలోనే చూద్దాం. ఇంగ్లిష్ టైపు హయ్యర్ పరీక్ష పాసవ్వాలంటే నిమిషానికి 45 పదాలు. పదానికి ఐదు నొక్కుళ్ల చొప్పున 225, అంటే ఒక నొక్కుకూ ఇంకోదానికీ మధ్య దాదాపు 267 మిల్లీసెకన్లు. అందులో 5 అంటే యాభయ్యో వంతు కూడా కాదు. పైగా మొదటిసారి రేకులు తగలగానే అక్షరం పంపేసి, తర్వాతి ఎగురుళ్లను పట్టించుకోకుండా ఉండేలా కీబోర్డు లోపలి ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను, రాసుకోవచ్చు, అప్పుడు నొక్కేటప్పటి ఆలస్యం కూడా ఉండదు. నిజానికి ప్రకటనలు చెప్పే వేగంలో ఎక్కువ భాగం కాంతి వల్ల వచ్చింది కాదు, మీట తక్కువ దూరం దిగగానే అక్షరం వేయడం వల్ల వచ్చింది. ఆటల కీబోర్డులు చేసే రేజర్ కంపెనీ 2018లో తెచ్చిన క్లిక్ ఉన్న ఆప్టికల్‌లో 1.5 మిల్లీమీటర్లు, తర్వాతి, క్లిక్ లేని లీనియర్ రకంలో 1 మిల్లీమీటరు, చెర్రీ రెడ్‌లో 2. నా పొల్లు కష్టమంతా ఆ తగ్గించిన మిల్లీమీటరులోనే ఉంది.

ఆటలాడేవాళ్ల అవసరం వేరు, వాళ్లకు ఆ తేడా నిజంగానే పనికొస్తుంది. మీట పైకి లేవడం మొదలవగానే వదిలినట్టు లెక్కవేసే ర్యాపిడ్ ట్రిగ్గర్ లాంటివి రేకుల స్విచ్‌లో సాధ్యం కావు. అయితే అక్కడ కూడా కాంతి వెనకబడుతోంది. నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ అనే కీబోర్డు కంపెనీ మొదట ఆప్టికల్‌తోనే మొదలుపెట్టి తర్వాత అయస్కాంతం కొలిచే హాల్ ఎఫెక్ట్‌కు మారిపోయింది. ఆ హాల్ ఎఫెక్ట్ కొత్తదా అంటే కాదు. హనీవెల్ వాళ్ల మైక్రో స్విచ్ విభాగం 1960ల చివర్లోనే అలాంటి కీబోర్డులు చేసింది. మోడల్ ఎఫ్‌లోనూ రేకులు లేవు, మీట కింది ముక్క తిరిగితే కెపాసిటెన్స్, అంటే అక్కడ విద్యుత్తు నిలిచే పాళ్లు, మారుతుంది, బోర్డు దాన్ని పట్టుకుంటుంది. అంటే రేకులు కలవకుండానే మీటను చదవడం యాభై ఏళ్ల పైనాటి విద్య. అప్పట్లో ఖర్చెక్కువని పరిశ్రమ మెంబ్రేన్ల వైపు, రేకుల వైపు దిగింది. మోడల్ ఎఫ్ నుంచి మోడల్ ఎంకు వచ్చేసరికి ఐబీఎం కూడా అదే చేసింది. అందుకే 'పాతది అరిగిపోతుంది, కొత్తది అరగదు' అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు నచ్చదు.

ఆప్టికల్ గొప్పతనం మన్నికలో ఉంది, దాన్ని ఒప్పుకోకపోతే అన్యాయం. రేకులకు దుమ్ము పడితే, తేమకు మసకబారితే, ఒక నొక్కుకు రెండు అక్షరాలు పడటమో అసలు పడకపోవడమో జరుగుతుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఇక జపాన్ కంపెనీ ఆల్ప్స్ పాత స్విచ్‌లు దుమ్ము పడితే ఎంత గరగరలాడతాయో, కడిగినా ఆ గరగర ఎలా పూర్తిగా వదలదో, వాటిని ప్రేమించేవాళ్లకే బాగా తెలుసు. మోడల్ ఎం కూడా దోషం లేనిదేం కాదు. లోపలి పలకలను పట్టి ఉంచే ప్లాస్టిక్ రివెట్లు కాలం గడిచేకొద్దీ ఒక్కొక్కటే విరిగిపోతాయి. నాది కదిపితే లోపల విరిగిన ముక్కలు గలగలమంటాయి.

కానీ ఆ రివెట్లు విరిగితే రంధ్రాలు వేసి చిన్న బోల్టులు బిగించుకోవచ్చు, ఎంతోమంది ఇళ్లలో కూర్చుని చేసుకుంటున్నారు. అలాంటి కీబోర్డులనే కొత్తగా చేసే యూనికాంప్ 1996 నుంచి అమెరికాలో నడుస్తోంది. చెర్రీ వాళ్ల ఎంఎక్స్ స్విచ్ పేటెంట్ గడువు తీరాక ఎన్నో కంపెనీలు అవే పిన్నులతో స్విచ్‌లు చేస్తున్నాయి. ఒకరి స్విచ్ ఇంకొకరి బోర్డులో పెట్టుకోవచ్చు. ఆప్టికల్‌లో ఆ వీలు లేదు. సెన్సరు స్విచ్‌లో కాకుండా బోర్డు మీద ఉండటం మామూలు, ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కో చోట పెడుతుంది. కంపెనీ ఆ రకం చేయడం మానేస్తే మీ బోర్డుకు స్విచ్ ఇంకెక్కడా దొరకదు. పది కోట్ల నొక్కుళ్లు అని పెట్టె మీద రాసినవాళ్లు పదేళ్ల తర్వాత విడిభాగం దొరుకుతుందా అన్నది మాత్రం రాయరు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాత స్విచ్‌లను కొత్తవాటితో పోల్చేటప్పుడు ముప్ఫై ఏళ్లు బతికి బట్టకట్టినవే మన చేతికి వస్తాయి. చెడిపోయినవి ఎప్పుడో పాత సామాన్లలోకి వెళ్లిపోయాయి. ఆ రోజుల్లో చవకగా వచ్చిన చెత్త కీబోర్డుల గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే వాటిని ఎవరూ దాచుకోలేదు. అందుకే నేను పాతదంతా బంగారం అనడం లేదు. ఆ ఒక్క స్ప్రింగు గురించే మాట్లాడుతున్నాను.

ఇంట్లోవాళ్లు పడుకున్నాక మోడల్ ఎం మీద రాయడం కుదరదు, పక్క గదిలోకి వినిపిస్తుంది. అందుకని ఆప్టికల్‌ను మళ్లీ బల్ల మీదికి తెచ్చుకున్నాను. మొన్న ఆదివారం 'డి' మీట తొడుగు తీసి, స్విచ్‌ను పైకి లాగి, విప్పి, లోపలి స్ప్రింగు మార్చి కాస్త గట్టిది వేశాను. 'రాష్ట్రం' అని కొట్టి చూశాను. ఎనిమిది నొక్కుళ్లలో రెండు దాని మీదే పడతాయి. ఇప్పుడు అక్కర్లేని పొల్లు రావడం లేదు. కానీ అక్షరం ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియడం లేదు, ప్రతిసారీ వేలు మీటను అడుగుదాకా తొక్కుతోంది, గంట రాస్తే మధ్యవేలు చివర నొప్పి తెలుస్తోంది.