నాలుగో వాద్యం సోఫా

రాక్ కచేరీకి గిటారు, బేస్, డ్రమ్స్ ఉంటే చాలని పై దేశాల వాళ్లు అనుకుంటారు కాబోలు. మన దగ్గర నాలుగో వాద్యం లేనిదే కచేరీ లేదు. అది సోఫా. తెల్ల రెగ్జిన్‌ది, చేయి వాల్చుకోడానికి వీలుగా ఉండేది, రిసెప్షన్ సామాన్లతో పాటు లారీలో వచ్చి దిగేది. బ్యాండు ఆఖరి నిమిషంలో రాకపోయినా డీజేతో సర్దుకుపోవచ్చు. సోఫాలు రాకపోతే మాత్రం స్పాన్సరుగారు గేటు దాకా కూడా రారు.

ఈ వాద్యాన్ని అమర్చడానికో శాస్త్రం ఉంది. వేదిక ముందు ఫొటోగ్రాఫర్లకీ సెక్యూరిటీకీ వదిలే సందు తీసేస్తే, ఆ తర్వాత జాగా అంతా సోఫాలదే. నేల మీద వేస్తే హోదా కనబడదు. అందుకని మూడు నాలుగు అడుగుల ఎత్తున చెక్కలతో ప్లాట్‌ఫారం కట్టాలి. దాని మీద ఎర్ర తివాచీ, గాజు పలక టీపాయ్‌లు, నాలుగు మూలలా ఏ ఎండకీ తట్టుకునే ప్లాస్టిక్ మొక్కలు. దాని వెనక బారికేడ్. ఆ బారికేడ్ వెనక ‘జనరల్’. అంటే, హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి బెంగళూరులో దిగి, మధ్యాహ్నం నుంచి ఎండలో నిలబడి, ఏ పాటలో ఏ చోట డ్రమ్మర్ తాళం మారుస్తాడో ముందే తెలిసిన జనం. వాళ్ల టికెట్టు మీద ‘స్టాండింగ్’ అని ఉంటుంది. నిలబడితే ఏం కనిపిస్తుందో మాత్రం రాసి ఉండదు.

మెట్లు చూడండి: జనరల్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, ఫ్యాన్ పిట్, వీఐపీ, వీవీఐపీ, లాంజ్. కులాల పట్టికలో కూడా ఇంత స్పష్టత లేదు. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే ముంబయి వచ్చినప్పుడు టికెట్టు 2,500 రూపాయలతో మొదలై 35,000 దగ్గర ఆగింది. ఆ 35,000 లాంజ్‌ది. అయితే డబ్బు పెట్టి లాంజ్ కొన్నవాణ్ణి తిట్టబుద్ధి కాదు. వాడు కనీసం ఏ బ్యాండో చూసి కొన్నాడు. మన కథానాయకుడు వేరు. అతను పాసు వీరుడు. కచేరీ అనుమతుల ఫైలు ఎన్ని బల్లలు దాటుతుందో అన్ని బల్లల మీదా పాసులు రాలతాయి. అవి అక్కణ్ణుంచి తోడల్లుళ్లకీ, డ్రైవర్లకీ, అపార్ట్‌మెంట్ సెక్రటరీలకీ పాకుతూ పాకుతూ చివరికి ఆ బ్యాండు పేరు సరిగ్గా పలకలేని పన్నెండు మంది చేతుల్లో పడతాయి.

ఆ పన్నెండు మంది ప్రవేశమే అసలు ప్రదర్శన. ప్రధాన బ్యాండు 8 గంటలకి ఎక్కుతుంది. వీరు 8.25కి విచ్చేస్తారు. వేదిక మీద లైట్లన్నీ ఆర్పేసి, గాయకుడు ఒంటరిగా, గిటారు ఒక్క తీగ మీటుతూ, మైదానమంతా ఊపిరి బిగబట్టి ఉన్న ఘడియ ఒకటుంటుంది. సరిగ్గా అప్పుడు, “బావగారూ, ఇటు ఇటు! ఏసీ పక్కన!” అని కేక. ఆరుబయట ఏసీ ఏమిటని అడగకండి, పొగమంచు చిమ్మే పెద్ద ఫ్యాను అది. సోఫాలు చాలవు. ఇంకో రెండు తెప్పిస్తారు. బౌన్సర్లు వాటిని తలల మీదుగా మోసుకొస్తుంటే వెనక జనరల్‌కి గాయకుడి బదులు సోఫా కాళ్లు కనిపిస్తాయి. ఈలోగా టోపీ పెట్టుకున్న కుర్రాడు వంగి, “సార్, వెజ్జా నాన్‌వెజ్జా?” అంటాడు. ఇద్దరు వెజ్జు, పది మంది నాన్‌వెజ్జు, పిల్లాడికి ఐస్‌క్రీం. లెక్క తేలేసరికి పాట అయిపోతుంది.

తర్వాత ఫొటో. కుటుంబం మొత్తం వేదికకి వీపు పెట్టి నిలబడుతుంది. ఫ్లాష్ వెలుగుతుంది. “వెనకాల ఎవడో అడ్డమొస్తున్నాడు చూడు, ఆ గిటారువాడు. కాస్త పక్కకి జరగమను.” జరగడు. మూడుసార్లు తీస్తారు. మరదలుగారు కళ్లు మూశారని నాలుగోసారి. ఆపైన బావగారికి సందేహం: “వీళ్లు మన పాటలేం పాడరా?” ఈవెంట్ మేనేజరు కుర్రాడు చెమట తుడుచుకుంటూ, “ఆఖర్లో చూద్దాం సార్” అంటాడు. ఆఖర్లో ఏముందో అతనికీ తెలీదు. బావగారి తమ్ముడికి ఇంకో ఆలోచన వస్తుంది. గాయకుడికి శాలువా కప్పాలి. మెమెంటో కూడా తెచ్చారట, కారు డిక్కీలో ఉందట. బ్యాండు టూర్ మేనేజరు ఆ శాలువాని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మంటలకి తట్టుకునే గుడ్డేనా అని అడుగుతాడు. బావగారి తమ్ముడు అలుగుతాడు. 9.10కి “ట్రాఫిక్ అవుతుంది” అని పన్నెండు మందీ లేచి వెళ్లిపోతారు. జనం అంత దూరం వచ్చింది ఏ పాటల కోసమో, అవి 9.15కి మొదలవుతాయి. సోఫాలు ఖాళీ. ఆ ఖాళీ సోఫాలకి ఆరుగురు బౌన్సర్లు కాపలా.

పాసు వీరుడికి తెలియని రహస్యం ఒకటుంది. అతను కూర్చున్న చోట పాట సరిగ్గా వినబడదు. వేదికకి రెండు పక్కలా అరటి గెలల్లా వేలాడే స్పీకర్ల వరసల్ని దూరంగా ఉన్నవాళ్లకి చేరేలా గురిపెడతారు. ముందు వరస మధ్యలో కూర్చున్నవాడి తల మీదుగా ఆ ధ్వని వెళ్లిపోతుంది. వాడికి మిగిలేది వేదిక అంచున పెట్టే చిన్న ఫ్రంట్ ఫిల్ స్పీకర్లు, నేరుగా డ్రమ్ముల నుంచీ గిటారు యాంప్ నుంచీ వచ్చే మోత. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. సౌండ్ ఇంజినీరు తన కన్సోల్ దగ్గర, అంటే శబ్దాలన్నీ కలిపే మీటల బల్ల దగ్గర, ఏం వినబడుతోందో దాన్ని బట్టి మీటలు కదుపుతాడు. ఆ కన్సోల్ మామూలుగా వేదికకి 30-40 మీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి మైదానంలో మంచి చోటు ఆ మిక్సింగ్ టెంటుకి కాస్త ముందు, మధ్య గీతకి నాలుగడుగులు పక్కగా. సరిగ్గా మధ్యలో వద్దు. బేస్ మోగించే పెద్ద స్పీకర్లని, అంటే సబ్‌ఊఫర్లని, ఎడమా కుడీ రెండు కుప్పలుగా పెడితే మధ్య గీత మీద బేస్ అంతా పోగుపడి మిగతావాటిని మింగేస్తుంది. ఇదంతా తెలిసిన జనరల్ వాడు ఆ చోటికి చేరతాడు. అన్నిటికంటే ఖరీదైన చోటికి అన్నిటికంటే నాసి మోత. దేవుడున్నాడు.

దేవుడి పని చెడగొట్టే నిర్వాహకులూ ఉన్నారు. మిక్సింగ్ టెంటు ఫొటోల్లో అడ్డమొస్తోందని దాన్నో మూలకి నెట్టేస్తారు. ఇంజినీరు మూల నుంచి వింటాడు, ఇరవై వేల మంది మధ్య నుంచి వింటారు. బడ్జెట్ సోఫాలకి పోయింది గనక దూరంగా ఉన్నవాళ్ల కోసం మైదానం వెనక భాగంలో నిలబెట్టే స్పీకర్ స్తంభాలు, డిలే టవర్లు, ఉండవు. ఉన్నా సమయం సరిచేయరు. ధ్వని సెకనుకి దాదాపు 345 మీటర్లు వెళ్తుంది. వంద మీటర్ల దూరానికి 0.3 సెకను పడుతుంది. అక్కడి టవర్‌లో పాటని అంత ఆలస్యంగా వదలాలి. వదలకపోతే డ్రమ్మర్ ఒక్క దెబ్బ కొడితే రెండు వినబడతాయి. వెనకవాళ్లకి ఇద్దరు డ్రమ్మర్లు, ఒకే టికెట్టు మీద.

పిల్లాడి ఐస్‌క్రీం సంగతి చెప్పాం, వాడి చెవుల సంగతి చెప్పలేదు. 85 డెసిబెల్స్ పెద్దవాళ్లు ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకి పెట్టిన హద్దు కూడా సగటున 100 డెసిబెల్సే. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ సన్నగా పుల్లలా నలిపి, రెండో చేత్తో చెవి పైభాగం పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకుంటే సరిపోతుంది. పసిపిల్లలకి చెవుల మీద పెట్టే మఫ్స్ దొరుకుతాయి. పాసుతో పాటు అవి ఇవ్వరు, బిర్యానీ ఇస్తారు.

ఇంకో లెక్క గడియారంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదింటి తర్వాత ఆరుబయట లౌడ్ స్పీకర్ మోగకూడదు. ప్రభుత్వం అర్ధరాత్రి దాకా మినహాయింపు ఇవ్వగలిగేది ఏడాదికి పదిహేను రోజులే, అదీ పండగలకీ ఉత్సవాలకీ. కాబట్టి పదింటి గోడ గట్టిది. స్పాన్సరు వీడియో రెండోసారి వేసినా, దీపం వెలిగించే చేతులు దొరక్కపోయినా, ఆ నిమిషాలు ఎక్కణ్ణుంచో రావాలి. పై దేశపు బ్యాండు ఒప్పందంలో ఒక్క నిమిషం కూడా తగ్గదు. తగ్గేది ముందు వాయించే మన ఊరి బ్యాండుకి. నలభై నిమిషాల సెట్ ఇరవై అవుతుంది. సౌండ్ చెక్ ఉండదు. “లైన్ చెక్ చేసుకోండి, ఎక్కేయండి” అంటారు. ఆ ఇరవై నిమిషాలూ సోఫాలు ఖాళీగా ఉంటాయి. వీరుడు ఇంకా ఫ్లైఓవర్ మీదే ఉంటాడు.

ఇంతవరకూ నవ్వులాట. ఇప్పుడు బారికేడ్ గురించి.

2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డ సంగీత పండగలో పెర్ల్ జామ్ వాయిస్తుండగా ముందు వరసల్లో తొమ్మిది మంది కుర్రాళ్లు నలిగిపోయి చనిపోయారు. అంతకుముందు 1988లో ఇంగ్లండులోని డోనింగ్టన్‌లో గన్స్ ఎన్ రోజెస్ వాయిస్తుండగా ఇద్దరు. 1979లో సిన్సినాటిలో ద హూ కచేరీ మొదలవకముందే తలుపుల బయట పదకొండు మంది. వీళ్లు మాత్రం మొదటివాళ్లు కాదు, చివరివాళ్లూ కాదు. అక్కడ నేర్చుకున్న పాఠమే రెండో బారికేడ్. వెనక నుంచి తోసే అల ముందువాళ్ల ఛాతీ దాకా రాకుండా మధ్యలో విరిగిపోవాలి. రోస్కిల్డలో ఇప్పుడు వేదిక ముందు బారికేడ్లతో కట్టిన దొడ్డి ఉంది. మనుషుల్ని లెక్కపెట్టి పంపుతారు, నిండగానే మూసేస్తారు. దానికి వేరే టికెట్టు లేదు. ముందొచ్చి వరసలో నిలబడ్డవాడిది చోటు.

ఆ రెండో బారికేడ్‌ని మనం తెచ్చుకుని దాని లోపల సోఫాలు వేశాం. జనం ఊపిరి కాపాడటానికి పుట్టినదాన్ని జనాన్ని ఆపడానికి వాడుతున్నాం. ఏమవుతుందో చూడండి. ముందున్న సగం జాగా రెండు వందల మందికి. మిగిలిన సగంలో అమ్మిన టికెట్లన్నీ. పైగా ఎత్తు ప్లాట్‌ఫారం అడ్డం గనక మధ్యలో ఉన్నవాళ్లకి ఏమీ కనబడదు. అందరూ రెండు పక్కల సందుల్లోకి జరుగుతారు. చదరపు మీటరుకి నలుగురైదుగురు దాటితే ప్రమాదం మొదలు. ఆరేడుగురైతే మీ కాళ్లు మీ మాట వినవు, గుంపు ఎటు ఊగితే అటు ఊగుతారు. ఎక్కువమంది తొక్కిసలాటలో కింద పడి చనిపోరు. నిలబడే చనిపోతారు, ఛాతీ పైకి లేవక.

మంచి బారికేడ్ అంటే ఛాతీ ఎత్తున ఉండే అల్యూమినియం ముక్కలు, ‘ఏ’ ఆకారంలో. దాని అడుగున పలక జనం వైపుకి పరుచుకుని ఉంటుంది. ముందు వరసవాళ్లు ఆ పలక మీద నిలబడతారు, వాళ్ల బరువే దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. మనం పెట్టేది సర్వీ కర్రలు, ఇనుప గొట్టాలు, రేకులు, కట్టుతీగ. దాని మీద స్పాన్సరు ఫ్లెక్సీ. ఎవడికి ఊపిరి ఆడటం లేదో లోపలివాడికి కనబడకుండా ఫ్లెక్సీ! 2011 అక్టోబరు 28న గురుగ్రామ్‌లో మెటాలికా వాయించాల్సిన రోజు వేదిక ముందు బారికేడ్ కూలింది, కచేరీ వాయిదా పడి చివరికి రద్దయింది. 2023 నవంబరులో కొచ్చి విశ్వవిద్యాలయంలో కచేరీ మొదలవకముందే వాన పడింది, జనం గేటు వైపు తోసుకొచ్చారు, మెట్ల దగ్గర నలుగురు చనిపోయారు. దీని తర్వాత కూడా కట్టుతీగేనా? ఒక్క సోఫా అద్దె పెట్టి పలకలున్న బారికేడ్ ముక్కలు ఎన్ని వస్తాయో లెక్క వేయలేని దద్దమ్మలకి ఇరవై వేల ప్రాణాలు ఎలా అప్పగిస్తున్నారు?

ఎత్తు ప్లాట్‌ఫారం కూడా అంతే. ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ సంగీత పండగ లాంటి చోట్ల ర్యాంప్‌తో ఎత్తు ప్లాట్‌ఫారం కడతారు, వీల్‌చెయిర్‌లో వచ్చినవాడికి వేదిక కనబడాలని. మన దగ్గర వీల్‌చెయిర్ ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగితే, “వీఐపీలో ఖాళీ ఉంటే చూద్దాం సార్” అంటారు. వీఐపీకి నాలుగు మెట్లు, ర్యాంప్ లేదు. కాళ్లు బాగున్నవాణ్ణి ఎత్తు మీద కూర్చోబెట్టి, నడవలేనివాణ్ణి గుంపులో వదిలేసినవాడికి సిగ్గనేది ఉందా?

అమెరికాలో గాయకుడు బిల్లీ జోయెల్ మొదటి వరస టికెట్లు అమ్మేవాడు కాదు. తన మనుషుల్ని పై అంతస్తుకి పంపి, ఆఖరి వరసల్లో దొరికిన అభిమానుల్ని కిందికి తెచ్చి ముందు కూర్చోబెట్టేవాడు. మన దగ్గర ఆ పని చేస్తే కచేరీకి అనుమతి ఎవరిస్తారన్నది వేరే ప్రశ్న.

అప్పటిదాకా జనరల్ వాడు తన ప్రాణం తనే చూసుకోవాలి. లేసులున్న బూట్లు, ముళ్లు గట్టిగా. పక్కనున్నవాడి భుజం ఛాతీకి ఆనుతోందంటే అప్పుడే, పాట మధ్యలోనే అయినా, బయటికి. తోపుడుకి ఎదురు తోయొద్దు. చేతులు బాక్సర్‌లా ఛాతీ ముందు మడిచి, అల వెనక్కి తగ్గినప్పుడు ఏటవాలుగా రెండడుగులు పక్కకి, మళ్లీ రెండడుగులు. పడిపోయిన ఫోన్ కోసం వంగొద్దు, ఫోన్ మళ్లీ కొనుక్కోవచ్చు. పడితే మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని, తల చేతులతో కప్పుకుని, పక్కకి తిరగాలి. లోపలికి వెళ్లగానే బ్యాండు బ్యానర్ కంటే ముందు గేట్లు ఎన్ని, ఎటు అన్నది చూసుకోవాలి.

టికెట్టు కొనేముందు నిర్వాహకులకి ఒక ఉత్తరం రాసి చూడండి. ముందు దొడ్డిలో ఎంతమందిని పెడుతున్నారు, బారికేడ్‌కి అడుగు పలక ఉందా, బయటికి గేట్లెన్ని, వీల్‌చెయిర్‌కి ర్యాంప్ ఎక్కడ అని. నాలుగు ప్రశ్నలే. జవాబు త్వరగానే వస్తుంది, చాలా మర్యాదగా: “మీకు ఎన్ని పాసులు కావాలి సార్?”