కోలుకున్న నష్టాలు

మొన్న ఒక కంపెనీ వార్షిక నివేదిక సరిచూడమని నా దగ్గరికి వచ్చింది. రెండేళ్ల నష్టాలను రికవర్ చేసుకున్నామని ఇంగ్లీషులో ఉంది. దాన్ని జర్మన్‌లోకి దించిన మహానుభావుడు మనిషో మెషీనో గానీ, నష్టాలకు ‘ఎర్‌హోలెన్’ తగిలించాడు. అంటే నష్టాలు కోలుకున్నాయట!

కోలుకోక ఏం చేస్తాయి పాపం. వేణ్నీళ్ల ఊటల ఊరు బాడెన్-బాడెన్ పంపించి ఉంటారు. నడుముకి తెల్ల తువ్వాలు చుట్టుకుని, వేణ్నీళ్ల గుండంలో మెడదాకా మునిగి, పూటకో గ్లాసు ఊటనీళ్లు తాగి ఉంటాయి. డాక్టరు నాడి చూసి ఇంకో మూడు వారాలు ఉండమని ఉంటాడు. తిరిగొచ్చేసరికి ఒక్కో నష్టం ఎంతేసి ఒళ్లు చేసిందో! వాటాదారుల మీటింగులో ముందు వరస కుర్చీలు చాల్లేదట.

అయ్యా, ఎర్‌హోలెన్ జబ్బు మనిషికి, సెలవుల్లో కాళ్లు బారజాపుకున్నవాడికి. పడి లేచిన షేరు ధరకైనా సరే. నష్టానికి కాదు. పోయిన డబ్బు తిరిగి రాబట్టుకుంటే హెరైన్‌హోలెన్. ఇంకోచోట లాభంతో పూడ్చుకుంటే వెట్‌మాఖెన్. బాకీ ముక్కుపిండి వసూలు చేస్తే బైట్రైబెన్. మునిగిన ఓడలో సరుకు పైకి తీస్తే బెర్గెన్. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? పూడ్చుకోవడం వేరు, వసూలు వేరని మన వీధి చివర కిరాణా కొట్టాయనకి తెలుసు.

వీటన్నిటికీ పెద్దన్న ఒకడున్నాడు, వీడర్‌గూట్‌మాఖుంగ్. ‘మళ్లీ మంచిగా చేయడం’ అని అర్థం. 1952లో ఇజ్రాయెల్‌కి 300 కోట్ల జర్మన్ మార్కులిస్తామని పశ్చిమ జర్మనీ లక్సెంబర్గ్‌లో సంతకం పెట్టింది. అలాంటి చెల్లింపులన్నిటికీ ఈ పేరే స్థిరపడింది. 60 లక్షల మంది యూదుల్ని చంపి, మళ్లీ మంచిగా చేశారా? దేన్ని? ఇజ్రాయెల్ వాళ్లు ఆ సొమ్మును ‘షిలుమీమ్’ అన్నారు. చెల్లింపులు, అంతే. క్షమించామని అందులో ఎక్కడా లేదు.

మరి ఒకప్పటి జర్మన్ వలస నమీబియా వంతు వచ్చేసరికి ఆ మాట కూడా దొరకలేదు. 1904-08 మధ్య హెరెరో, నామా ప్రజల్ని ఎడారిలోకి తరిమీ, శిబిరాల్లో కుక్కీ చంపినందుకు 2021లో 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలన్నారు. నష్టపరిహారం అనే మాట మాత్రం నోట రాలేదు. ‘పునర్నిర్మాణం’ అట, ‘అభివృద్ధి’ అట! ఎవరి అభివృద్ధండీ? నష్టం మీద ఇన్ని క్రియలున్న భాషకి అక్కడే నోరు పడిపోయిందా? సిగ్గుండాలి.

సరే, నివేదిక దిద్ది పంపాను. సాయంత్రానికి జవాబొచ్చింది: “ఎర్‌హోలెన్ వినడానికి హాయిగా ఉందండీ, ఉంచేద్దాం.”