మేడ మీది పదో గ్రహానికి

మహారాజశ్రీ సోలార్ వాటర్ హీటరు గారి దివ్యసముఖమునకు, కింద ఇంట్లో ఉంటున్నవాళ్ళం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు కుశలం, మేము చన్నీళ్ళు.

అల్లుణ్ణి పదో గ్రహమన్నారు పెద్దలు. మీరొచ్చాక గాని ఆ మాట మాకు పూర్తిగా ఒంటబట్టలేదు. మేడ మీద దక్షిణం ఎండ పడే జాగా అంతా మీకే రాసిచ్చాం. బట్టల తీగా, మా అత్తగారి వడియాల మంచమూ గోడ నీడకు జరిగాయి. 20 గాజు ట్యూబులు, 200 లీటర్ల టాంకుతో మీరు కాళ్ళు బారజాపి కూర్చున్నారు. అమ్మినాయన "సూర్యుడు బిల్లు పంపడమ్మా, బిగించి మరిచిపోవడమే" అన్నాడు. అన్నమాట ప్రకారం మరిచిపోయాడు, మా ఫోనెత్తడం.

మే నెలలో మామూలు కుళాయి నీళ్ళే చెయ్యి పెట్టనివ్వవు. మీరేమో అప్పుడే పట్టుదలగా నీళ్ళు మరిగించి గాలిగొట్టంలోంచి ఆవిరి వదులుతారు. ఎవరడిగారండీ? మీ మీద గోనెపట్టాలు కప్పి బతిమాలుకోవాలి. అదే ముసురు పట్టిన నాడు చూస్తే మీకు నీరసం. కార్తీకంలో మా అత్తగారు తెల్లవారుజామున వేడినీళ్ళ కుళాయే తిప్పారు, ఒణుకుతూ బయటికొచ్చి "పోనీలే, కార్తీకస్నానం ఇలాగే చెయ్యాలి" అని పుణ్యం ఖాతాలో వేసుకున్నారు.

కరెంటు హీటరు కూడా ఉందిగా అంటారు. ఉంది, మీ కడుపులో 2 కిలోవాట్ల కాయిల్. 200 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కాలంటే అటూఇటూగా నాలుగున్నర యూనిట్లు, రెండు గంటలకు పైనే. మావారికి కావలసింది రెండు బకెట్లు. మీరు పెళ్ళివారికి సరిపడా కాస్తారు.

ఇక మీ ఆరోగ్యం. మొన్న సర్వీసు అబ్బాయి ఎండెక్కకముందే వచ్చి టాంకు ఖాళీ చేశాడు. రబ్బరు రింగులు సున్నంతో బిగుసుకుపోయాయి. సబ్బునీళ్ళు రాసి, ట్యూబును కొంచెం అటూ కొంచెం ఇటూ తిప్పుతూ, కిర్రుమనిపిస్తూ ఊడదీశాడు. వంచితే ముందు చిక్కటి తెల్లబురద జారింది, దాని వెనకాల పెచ్చులు గలగలమని పడ్డాయి. "బోరునీళ్ళల్ల సున్నం మేడమ్. నీళ్ళు కాగితే అడుక్కు దిగుతది" అన్నాడు. చన్నీళ్ళు ట్యూబులోకి దిగాలి, కాగినవి తేలికై టాంకులోకి ఎక్కాలి. మోటారు లేకుండా మీరు చేసే ఘనకార్యం ఇదొక్కటే. ఆ దారికే సున్నం కొట్టుకున్నారు.

తర్వాత టాంకులోంచి మెగ్నీషియం రాడ్ బయటికి తీశాడు. టాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడం దాని ఉద్యోగమట. లోపల పెట్టినప్పుడు వేలు లావున్నది, ఇప్పుడు తీగైంది. ఈ ఇంట్లో నోరెత్తకుండా అరిగిపోయేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని!

అన్నీ కడిగి మళ్ళీ బిగించేసరికి ఎండ ముదిరింది. మా మామగారు వాల్వు తిప్పబోతే అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "ఇప్పుడొద్దు సార్, కాలిన గ్లాసుల మీద చన్నీళ్ళు పడితే పగులుతయి. పొద్దుగూకి, అవి చల్లారినంక నింపుకోండ్రి." అంటే తమరి అభిషేకానికి ముహూర్తం కూడా చూడాలి. మేస్త్రి మా గృహప్రవేశానికే చూడనివ్వలేదు.

ఇంత చేశాక కూడా మీరు గోరువెచ్చగానే ఉన్నారు. ఈసారి దొంగ పక్క వాటా బాత్రూంలో దొరికాడు. అక్కడ మిక్సరు కుళాయిలు రెండూ తిప్పి, చేతిషవరు మీట మాత్రం నొక్కకుండా వదిలేశారు. పై టాంకు చన్నీళ్ళు ఆ మిక్సరులోంచి అడ్డదారిన వేడినీళ్ళ పైపులోకి వెళ్ళి ఇంటిల్లిపాదికీ పంపిణీ అవుతున్నాయి. వాళ్ళకు చెబితే "మా కుళాయి చుక్క కూడా కారడం లేదండీ" అన్నారు. నిజమే, కారకపోవడమే తంటా. వేడినీళ్ళ పైపుకు ఎన్‌ఆర్‌వీ అనే ఒకవైపు వాల్వు వేయించాం, నీళ్ళు వెనక్కి పోకుండా. అల్లుడి అలక తీర్చడానికి బంధువుల ఇంట్లో కూడా తలుపులు బిగించడమంటే ఇదే.

ఇంకో సంగతి మీకు తెలియదు. మీ గాలిగొట్టంలోంచి చుక్కలు పడుతున్నాయని మా ప్లంబరు దానికి మూత బిగించబోయాడు. మూస్తే ఆవిరికి దారుండదు, టాంకు ఉబ్బుతుంది. నీళ్ళు వాడేటప్పుడు గాలి అందక డొక్క లోపలికి పోతుంది. మా అత్తగారు అడ్డుపడకపోతే మీరీపాటికి పాతసామానుల బండి మీద ఉండేవారు. ఆవిడకు ఇంజనీరింగు తెలియదు. "ఊపిరాడే ముక్కు మూస్తావేంట్రా" అన్నారంతే.

ఇట్లు,
తమ వేడికై పడిగాపులు కాచే
ఇంటి కోడలు

తా.క.: రెండు ట్యూబుల అడుగున వెండిలా మెరవాల్సిన పూత పాలలా తెల్లబడింది. రెండు గాజు పొరల మధ్య వేడి జారిపోకుండా కాచే శూన్యం పోయిందన్నాడు అబ్బాయి. సంక్రాంతి లోపు మార్పిస్తాం. ఈలోగా వీధి చివరి చింతచెట్టు మీదికి కోతుల మంద దిగింది, మరీ అంతలా మెరవకండి.